ఇద్దరు మునిలక్ష్మమ్మలు

బ్యాంకు మేనేజరు మోహన్‌కుమార్ నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, ఆ తర్వాత దొంగన్నాడు. నోటితో ఆ మాట అనలేదు లెండి. కంప్యూటరు వైపు చూస్తూ, "మీ స్కోరు బాగా లేదమ్మా, లోను రాదు" అన్నాడు. నా చెవికి మాత్రం అది ఆ మాటే.

ఉగాది అయిపోయిన కొత్తలో సంగతి ఇది. పండగకు ముందు వచ్చిన గాలివానకు మా పురుగుల ఇంటి మీది రేకులు లేచిపోయి ఎక్కడో రోడ్డవతల పడ్డాయి. గోడలు కూడా బీటలిచ్చాయి. అప్పటినుంచి పట్టుపురుగులు మేము కాపురముండే ఇంట్లోనే పెరుగుతున్నాయి. నడింట్లో తట్టలు, వంటింట్లో ఆకు, వసారాలో మేము. పురుగులు పొర విడిచే ముందు మేత మానేసి పడుకుంటాయి, దాన్ని మా వైపు జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచాక వాటి ఆకలి చూస్తే మనుషులకు భయమేస్తుంది. అప్పుడు ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండదు. ఒక పంట అట్లా తీశాం. సగానికి సగం చచ్చాయి.

కొత్త షెడ్డుకు రేష్మె ఇలాఖె, అంటే కర్ణాటక పట్టు శాఖ వాళ్ళు, సగం సబ్సిడీ ఇస్తామన్నారు. మిగతా సగానికి బ్యాంకు లోను చూపించాలి, అదీ జులై ఆఖరులోగా. లేకపోతే ఆ సబ్సిడీ జాబితాలో మా తర్వాతి వాళ్ళకు పోతుంది. షెడ్డు లేకపోతే పురుగులు లేవు, పురుగులు లేకపోతే ఒకటిన్నర ఎకరా మల్బరీ తోట ఎవరికి? చింతామణి టమోటా వ్యాపారి నాగరాజ్ అప్పటికే రెండుసార్లు వచ్చిపోయాడు. ఐదేళ్ళు కౌలుకిస్తే మల్బరీ పెరికేసి టమోటా పెడతాడట. "మీ ఇద్దరికీ తోటలోనే కూలి ఇస్తాను, యాడికీ పోబళ్ళేదు" అని పెద్ద ఉపకారం చేసినట్టు చెప్పాడు. నేను చేత్తో నాటిన తోటలో నేనే కూలికి పోవాలట! ఆ రోజు వాడికి మజ్జిగ ఇచ్చినందుకు ఇప్పటికీ నాకు కడుపు మంట.

అందుకే మేనేజరు మాట వినగానే నా ఒళ్ళు మండింది.

"నేను ఎవురికప్పా ఎగ్గొట్టినా? సొసైటీలో పంట లోను తీసుకొంటి, గడువుకు ముందే కడితి. పోయి అడుగు."

"అది సరిగ్గానే ఉందమ్మా. ఇదిగో, ఇంకొకటి. మహిళా గుంపు లోను, నలభై ఐదు వేలు. ఇంకా పద్దెనిమిది వేలు బాకీ. వసూలు కాలేదని వాళ్ళు రాసేశారు."

"నేను ఏ గుంపులోనూ లేను."

"పేరు మీదే. పుట్టిన తేదీ మీదే. ఊరు మీదే. ఫోను నంబరు కూడా మీరిచ్చిందే." ఆయన గొంతు తగ్గించి, నా మేలు కోరినట్టు ముందుకు వంగాడు. "ఎందుకమ్మా గొడవ, కట్టేయండి. రెండు పంటల పట్టుగూళ్ళు అమ్ముకుంటే తీరిపోతుంది."

కాఫీ ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. ఇప్పుడు ఆలోచిస్తే అది నా తిక్క. బస్సులో వచ్చినంతసేపూ తల నొప్పి, ఆ కాఫీ తాగి, తిట్టి వచ్చినా పోయేది.

మా అమ్మాయి శృతి బీకాం చదువుతోంది. వసారా మెట్టు మీద కూర్చుని ఫోను తీసి, "అమ్మా, ఎవురి అప్పుల రిపోర్టు వాళ్ళు ఏడాదికొకసారి రూపాయి ఇయ్యకుండా పుక్కటగా తీసుకోవచ్చు. బ్యాంకాయన చెప్పింది నమ్మబళ్ళేదు, మనమే చూస్తాము ఉండు" అంది. ఏవేవో నొక్కింది. కాసేపటికి పక్కున నవ్వింది.

"నవ్వేదేముండాదే?"

"అమ్మా, ఇందులో నీకు ఇద్దరు మొగుళ్ళుండారు."

లోపల తట్టల్లో ఆకు వేస్తున్న మా ఆయన పిళ్ళప్ప తల బయటికి పెట్టాడు. "ఎవురే ఆ ఇంకొకడు?"

"పిళ్ళప్ప, బయ్యప్ప."

బయ్యప్ప అనేవాడు మా వెనక గోడ అవతలి ఇంటివాడు. పోయి చాలా ఏళ్ళయింది, పాపం మంచివాడు. అతని పెళ్ళాం పేరు కూడా మునిలక్ష్మమ్మే. మా ఊళ్ళో మునిలక్ష్మమ్మలు నేను గాక ఇంకా నలుగురున్నారు. మునీశ్వరుడికి మొక్కుకుని కన్న పిల్లలందరికీ పేరు ముందు ముని చేరుతుంది, మగైనా ఆడైనా. ఊళ్ళో దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నేను రేష్మె మునిలక్ష్మమ్మను, ఎనుములు మేపుకునే ఆమె ఎనుముల మునిలక్ష్మమ్మ. పెళ్ళి పిలుపులకొచ్చే వాళ్ళు కూడా అట్లాగే పిలుస్తారు. ఊరికి కొత్తగా వచ్చిన కోడలు కూడా రెండో రోజుకు మమ్మల్ని కలపదు. మమ్మల్ని కలిపింది కంప్యూటరు.

"పేరు ఒకటైతే కలిపేస్తారా? పుట్టిన తేదీ చూడబళ్ళేదా?" అన్నాను.

"చూసినారు. ఆ యమ్మదీ జనవరి ఒకటే."

అదీ నిజమే. ఆధార్ తీయడానికి బడి దగ్గరికి వచ్చినతను ఎప్పుడు పుట్టావని అడిగితే, ఒకామె రాగులు కోసేటప్పుడంది, ఒకామె కరువొచ్చిన ఏడంది. ఆ పిల్లోడు విసిగిపోయి అందరికీ జనవరి ఒకటి కొట్టేశాడు. మా ఊళ్ళో సగం మందికి కొత్త సంవత్సరం రోజే వయసు పెరుగుతుంది. సంవత్సరం కూడా మా ఇద్దరికీ ఒకటే పడింది.

"ఫోను నంబరు?" అన్నాను. ఈసారి శృతి నా వైపు కాదు, వాళ్ళ నాయన వైపు చూసింది.

పిళ్ళప్ప ఆకు తట్ట కింద పెట్టాడు. ఆ రోజుల్లో మా వీధికంతా ఫోను ఉన్నది ఆయనకే. ఆధార్‌కు నంబరు కావాలంటే వీధి వీధంతా ఆయన నంబరే ఇచ్చింది. గ్యాసుకు ఆ నంబరే, రేషన్‌కు ఆ నంబరే. ఓటీపీ వస్తే ఈయన గోడ దగ్గర నిలబడి, "నరసమ్మక్కా, నీది వచ్చిండాది, రాసుకో" అని అరిచి చెప్పేవాడు. వీధికి పెద్దమనిషినైపోయినంత సంబరం ఆయనకు. నేను చాలాసార్లు తిట్టాను. "పుణ్యమే కదా మే, మనదేం పోతాది" అనేవాడు.

మనదేం పోతుందో ఇప్పుడు తెలిసింది. కంప్యూటరు లెక్కలో నేనూ ఎనుముల మునిలక్ష్మమ్మా ఒకే ఆడమనిషి. ఆ మనిషికి ఒక తోట, మూడు ఎనుములు, ఇద్దరు మొగుళ్ళు, ఒక ఎగవేత.

"ఆ యమ్మ ఎనుము కొనుక్కొని అప్పు నా నెత్తిన పెట్టిందా!" అని కొంగు బిగించాను. మాకూ వాళ్ళకూ మాటల్లేక రెండేళ్ళయింది. ఆమె ఎనుము తాడు తెంపుకుని వచ్చి నా తోటలో ఒక సాలు మొత్తం మేసేసింది. అడిగితే, "నోరులేని జీవం, దానికేం తెలుసు?" అంది. నోరున్న నువ్వు కట్టేసుకోవద్దా అని నేనన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఏమన్నామో ఇక్కడ రాయడం బాగుండదు.

శృతి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "కొట్లాట తరువాత పెట్టుకోమ్మా. మొదట ఈ అప్పు నాది కాదని మనం రాయాల. రాస్తే ముప్పై దినాల్లో వాళ్ళు ఇచారించి సరిచేయాల. అది రూలు." అప్పటికప్పుడు రాసి, నా ఆధార్ ఫోటో జతచేసి పంపింది.

నెల తిరిగేసరికి జవాబు వచ్చింది. అప్పిచ్చిన సంస్థను విచారించామనీ, వివరాలన్నీ సరిగ్గానే ఉన్నాయనీ. నేను దాన్ని శృతితో మూడుసార్లు చదివించుకున్నాను, ఏమన్నా మారుతుందేమో అని.

"నన్నడక్కుండా వాళ్ళనే అడిగి, వాళ్ళు చెప్పిందే తెచ్చి నాకు చెప్తారా? ఆ సంస్థ ఆఫీసు యాడ ఉండాది?"

"చింతామణిలో."

"పొద్దున్నే పోతాండాము" అన్నాను. పిళ్ళప్ప కూడా వస్తానన్నాడు. ఆ అప్పు సంగతి తెలిసినప్పటినుంచి ఆయన సరిగ్గా అన్నం తినడం లేదు. ఆయన అంగీ జేబు ఎత్తుగా కనిపించింది. బీడీల కట్ట అనుకున్నాను.

ఆఫీసు బస్టాండుకు దగ్గర్లో, ఎరువుల అంగడి మీద. అక్కడి ఆఫీసరు ధనుంజయ కుర్రవాడే, మెడలో సంస్థ కార్డు వేలాడుతోంది. నా ఆధార్ తీసి చూపించాను, నా మొహం చూడమన్నాను. వాళ్ళ దగ్గరున్న ఫోటో తీయమన్నాను.

"ఫోటోలు పాత సంస్థ కాడ ఉండాయమ్మా. మేము వాళ్ళను కొనుక్కొంటిమి. అప్పులొచ్చినాయి, కాగితాలు పూరా రాలేదు."

"కాగితాలు రాకపోయినా అప్పు మాత్రం నా పేరుకు కరెక్టుగా వచ్చిందే!"

అతను నవ్వాడు. అంత కోపంలోనూ చెప్తున్నాను, చెడ్డవాడు కాదు. రోజుకు నాలాంటి వాళ్ళను పదిమందిని చూసే అలుపు ఉంది అతని మొహంలో. "ఒక పని చేస్తామమ్మా. సగం కట్టండి, తొమ్మిది వేలు. సెటిల్మెంటు లెటరు ఇప్పుడే ఇస్తాను. సాయంత్రానికి మీ తలనొప్పి పోతాది."

ఆ మాట పూర్తి కాకముందే పిళ్ళప్ప జేబులోంచి నోట్లు తీశాడు. అన్నీ కొత్తవి, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. మా ఇంట్లో అట్లాంటి నోట్లు లేవు.

"ఎవురివి?" అన్నాను.

ఆయన నేల చూశాడు. "నాగరాజ్ ఇచ్చినాడు. తోటకు అడ్వాన్సు."

కింద రోడ్డు మీద బస్సులు అరుస్తూనే ఉండాలి, నాకు వినబడలేదు. కొట్టాలనిపించింది, ఏడవాలనిపించింది, రెండూ ఒకేసారి.

"నా నంబరు వల్లే కదా మే ఇంతా" అన్నాడాయన. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూడటం మా అత్త పోయినప్పటి తర్వాత అదే. "నా తప్పుకు నువ్వు దొంగవని పేరు మోస్తాండావు. ఈ దరిద్రం పోగొట్టేస్తాను. తోట పోతే పోనీ."

నోట్లు ఆయన చేతిలోంచి తీసుకుని నా కొంగుకు ముడేసుకున్నాను. "తోట పోదు, ఈ దుడ్డూ పోదు. కట్టినామంటే అప్పు నాదని ఒప్పుకొన్నట్లు. సగం కట్టి సెటిల్ చేసుకొంటే ఆ మాట కూడా రిపోర్టులో ఉంటాదంట, శృతి చెప్పింది. తీసుకోని అప్పుకు నేను ఒక్క రూపాయి కట్టను. ఇనబడిందా అప్పా?" చివరి మాట ధనుంజయ వైపు తిరిగి అన్నాను. పక్క టేబుళ్ళ వాళ్ళందరికీ కూడా వినబడింది.

ధనుంజయ కుర్చీలో వెనక్కి వాలాడు. "సరే అమ్మా, మీరు కాదు. ఒప్పుకొంటాను. అయితే ఎవురో మీకు తెలుసు కదా. మీ ఊర్లో ఇంకో మునిలక్ష్మమ్మ. ఏ వీధి, ఎవురి ఇల్లు, రాసి సహి చేయండి. మీ మీద తీసేసి ఆమె మీదేస్తాను. ఇట్లే అయిపోతాది."

తెల్ల కాగితం ముందు పెట్టి, పెన్ను మూత తీసి ఇచ్చాడు. నేను కన్నడ మీడియంలో పదో తరగతి దాకా చదివాను, నా రాత గుండ్రంగా బాగుంటుంది. రాయాల్సింది రెండు ముక్కలే. నా తోట మేసిన ఎనుము, "దానికేం తెలుసు" అన్న ఆమె మొహం, అన్నీ గుర్తున్నాయి.

"రాస్తే ఏం చేస్తారు?" అన్నాను.

"మా వసూళ్ళ పిల్లోళ్ళు పోతారు. ఇంటి ముందర కూర్చుంటారు. ఊర్లో నలుగురూ చూస్తే తెచ్చిస్తారు కదమ్మా, ఎవురైనా."

నేను పెన్నుకు మూత పెట్టి కాగితం మీద అడ్డంగా పెట్టాను.

"మా ఊర్లో ఆ పేరుతో ఐదుగురుండారు. ఎవురికిచ్చినారో ఎతుక్కొనేది మీ పని. నా పని నా పేరు కడుక్కొనేది."

బస్సు చింతామణి దాటకముందే టమోటా మండీ దగ్గర దిగి, నాగరాజ్ ఉన్న చోటికే పోయి ఆ నోట్లు రబ్బరు బ్యాండుతో సహా వాడి తక్కెడలో పెట్టాను. "అమ్మా, మళ్ళా ఈ రేటుకు రాను" అన్నాడు. "రావద్దనే చెప్తాండాను" అన్నాను.

ఇంటికి వచ్చి మొహం కూడా కడుక్కోకుండా వెనక గోడ దగ్గరికి పోయాను. అవతల ఎనుముల మునిలక్ష్మమ్మ పాలు పితుకుతోంది. నన్ను చూసి చెంబు గట్టిగా పట్టుకుంది, కొట్లాటకు వచ్చాననుకుని.

"అక్కా, గుంపులో లోను తీసుకొన్నావు కదా, ఎనుముకు. కట్టినావా, లేదా? ఉన్నది ఉన్నట్లు చెప్పు."

ఆమె లేచి నిలబడింది. "బేస్తవారం బేస్తవారం కట్టినా. ఒక్క కంతు తప్పలేదు. ఆఖరు కంతులకు దూడను అమ్మితి. ఏం, నీ దుడ్డేమన్నా తిన్నానా?"

"మరి పద్దెనిమిది వేలు బాకీ అంటాండారే."

"ఎవురన్నది?" గేదె ఉలిక్కిపడేంత గట్టిగా అరిచింది. ఆ తర్వాత ఏదో లెక్కేసుకుంటున్నట్టు ఆగింది. "పోయినేడు ఇంకో లోనుకు పోతే ఇయ్యము అన్నారు. ఎందుకో చెప్పలేదు. మొగుడు లేనిదాన్నని ఇయ్యలేదేమో అనుకొని వచ్చేస్తి."

ఆ మాటకు నా కోపం ఎటు పోయిందో తెలియదు. కాదు, పోలేదు. గోడ అవతల నుంచి చింతామణి వైపు తిరిగింది.

"లోను కార్డు ఉండాదా?"

"ముగిసిందని వాళ్ళే తీసుకొని పోయిరి. ఒక మెసేజి వస్తాది, అదే రసీదు అనిరి. నాకు ఫోను యాడిది? మీ ఇంటాయనే కదా గోడ కాడ నిలబడి చెప్పె, 'మునిలక్ష్మక్కా, నీ లోను ముగిసెనంట' అని."

నేను వెనక్కి తిరిగాను. పిళ్ళప్ప వసారాలో చేతులు తుడుచుకుంటున్నాడు. జేబులోంచి ఫోను తీసి శృతికి ఇచ్చాడు. ఆయనకు మెసేజీలు వచ్చిన రోజు చదివి చెప్పడం తెలుసు గానీ, తుడిచేయడం తెలియదు. ఎన్నేళ్ళవో అన్నీ అట్లాగే పడి ఉన్నాయి. శృతి మెట్టు మీద కూర్చుని వేలితో పైకి తోస్తూనే ఉంది. గ్యాసు బండలు, రేషన్లు, రీచార్జులు, ఎవరివో పెన్షన్లు, వీధి సంసారమంతా. మేము ముగ్గురం ఆమె భుజాల మీద పడి చూస్తున్నాం. ఎనుముల మునిలక్ష్మమ్మ ఎప్పుడు గోడ చుట్టి మా వసారాలోకి వచ్చిందో కూడా ఎవరం గమనించలేదు. పాల చెంబు చేతిలోనే ఉంది.

"ఇదిగో" అంది శృతి. లోను నంబరు చదివింది, రిపోర్టులోని నంబరుతో పోల్చింది. అదే. మొత్తం చెల్లించారు, ఖాతా ముగిసింది, ధన్యవాదాలు అని ఉంది.

ఎనుముల మునిలక్ష్మమ్మ మెట్టు మీద కూలబడింది. "ధన్యవాదాలు చెప్పి మళ్ళా దొంగనంటారా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. రెండేళ్ళ తర్వాత ఏం మాట్లాడాలో తెలియక, "పాలు విరిగిపోతాయి, కాస్తాను ఇట్లియ్యి" అన్నాను.

రెండోసారి రాసిన అర్జి వేరు. మొదటిసారి నేనొక్కదాన్ని, నాది కాదని బతిమాలినట్టు రాశాం. ఈసారి ఇద్దరం, రెండు తప్పులు. ఒకటి, ఈ అప్పు రేష్మె మునిలక్ష్మమ్మది కాదు. రెండు, ఈ అప్పు ఎవరూ బాకీ లేరు, తీరిపోయింది. మెసేజి ఫోటో పెట్టాం. ఇద్దరినీ గోడ ముందు నిలబెట్టి, ఎవరి ఆధార్ వాళ్ళ గుండెల మీద పట్టుకోమని శృతి ఫోటో తీసింది. నవ్వమంది. ఇద్దరం నవ్వలేదు. ఆ అర్జి రిపోర్టు తయారుచేసే వాళ్ళకు ఒకటి, అప్పిచ్చిన సంస్థ పెద్దాఫీసుకు ఒకటి పంపాం. సరిచేయకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోతామని అడుగున రాయించాను. గడువు దాటితే దినానికి నూరు రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రూలుందట, అదీ రాయించాను. "అది ఎందుకమ్మా, చిన్న విషయం" అంది శృతి. "రాయవే" అన్నాను.

తర్వాత రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. వాన మొదలైంది, ఇల్లు కారింది, పురుగుల మీద గోనెపట్టలు కప్పి మేము తడిశాం. రేష్మె ఇలాఖె ఆయన రెండుసార్లు ఫోను చేసి, లోను లెటరు రాలేదా అని అడిగాడు. ఒకరోజు ధనుంజయ ఒక పిల్లోడిని వెంటేసుకుని బైకు మీద ఊళ్ళోకి వచ్చాడు. మునిలక్ష్మమ్మ ఇల్లెక్కడని దారిలో అడిగితే, ఏ మునిలక్ష్మమ్మ అని ఊరంతా అతన్నే అడిగిందట. చివరికి మా వసారాకు వచ్చేసరికి ఇద్దరమూ పక్కపక్కనే కూర్చుని ఆకు తరుగుతున్నాం.

"అర్జి వాపసు తీసుకోండమ్మా, లోపల లోపలే సరిచేస్తాం" అన్నాడు.

"బయట పాడుచేసి లోపల సరిచేస్తారా?" అంది ఎనుముల మునిలక్ష్మమ్మ, కత్తి ఎత్తకుండానే. నేను ఒక్క మాట కూడా మాట్లాడాల్సిన పని పడలేదు. ఆ రోజు ఆమె మీద నాకు ఎంత ముద్దొచ్చిందో.

గడువు దాటింది. జులై ఆఖరు వారం వచ్చింది. పిళ్ళప్ప తోటలో కలుపు తీస్తూ ఉండేవాడు, తోట ఉంటుందో పోతుందో తెలియకుండానే. ఒక మధ్యాహ్నం శృతి కాలేజీ నుంచి ఫోను చేసింది. "అమ్మా, ఇడదీసినారు. ఇద్దరికీ వేరే వేరే రిపోర్టు. ఆ అక్క లోను ముగిసిందని వేసినారు. నీ దాంట్లో ఏమీ లేదు." నేను తట్టల మధ్యనే నిలబడి, ఏడుస్తూ, పురుగులకు ఆకు వేస్తూనే ఉన్నాను. ఆకు ఆపితే ఊరుకోవవి.

గోడ దగ్గరికి పోయి చెప్పాను. ఎనుముల మునిలక్ష్మమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "అయితే బయ్యప్పను నాకు ఇచ్చేసినారా?" అంది. ఇద్దరం గోడకు ఇటూ అటూ నిలబడి, కడుపు పట్టుకుని నవ్వాం.

దాటిన రోజుల పరిహారం మాత్రం రాలేదు. ధనుంజయకు ఫోను చేశాను. "అంతా సరి అయిపోయె కదమ్మా, ఆ చిల్లర ఇడిసిపెట్టండి" అన్నాడు.

"ఒక బేస్తవారం ఆ యమ్మ గంట లేటుగా వస్తే, అందరి ముందర నిలబెట్టి అడిగినారంట. మేము అట్ల నిలబెట్టము. ఫోన్లోనే అడుగుతాండాము. ఏయండి."

మరుసటి వారం ఆ డబ్బు ఖాతాలో పడింది. ఇద్దరం పంచుకున్నాం. ఆమె ఎనుముకు తవుడు కొంది. నేను ఎవరో వాడి పక్కన పడేసిన రెండు పాత ఫోన్లు అడిగి తెచ్చి, వాటికి సిమ్ములు కొన్నాను, ఒకటి నాకు, ఒకటి ఆమెకు.

లోను సంతకాలకు బ్యాంకుకు పోయిన రోజు ఎనుముల మునిలక్ష్మమ్మ కూడా వచ్చింది, ఎనుము లోనుకు అర్జి ఇవ్వడానికి. పిళ్ళప్ప కూడా వచ్చాడు, కడిగిన అంగీ వేసుకుని. లోపలినుంచి గుమాస్తా, "మునిలక్ష్మమ్మ యారమ్మా?" అని కన్నడంలో పిలిచాడు. ఇద్దరమూ లేచాం.

"ఒకరే రావాలమ్మా. మునిలక్ష్మమ్మ ఎవరు?"

"ఇద్దరమూ" అన్నాను. "వేరే వేరే."

మోహన్‌కుమార్ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టాడు. కాఫీ తెప్పించాడు. ఈసారి తాగాను, చక్కెర ఎక్కువైంది. ఆయన కంప్యూటరు వైపు చూస్తూ, "కొత్తగా నమోదు చేయాలి, ఫోను నంబరు చెప్పండి" అన్నాడు. వెనకనుంచి పిళ్ళప్ప అలవాటుకొద్దీ, "తొమ్మిది తొమ్మిది..." అని మొదలుపెట్టాడు. నేను తిరిగి చూశాను. నోరు మూసుకున్నాడు.

నా నంబరు నేను చెప్పాను. తర్వాత ఎనుముల మునిలక్ష్మమ్మ చెప్పింది. వారం నుంచి పాలు పితుకుతూ బట్టీ పట్టిన నంబరు అది, ఒక్కొక్క అంకె నోట్లోంచి జాగ్రత్తగా దించింది. మేనేజరు కొట్టాడు. ఆమె కుర్చీలోంచి లేచి, బల్ల మీదికి వంగి, తెర వైపు చూసింది. ఆమెకు అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు.

"కడపటిది ఏడు సామీ. నువ్వు ఒకటి కొట్టినావు" అంది. "సరిగా కొట్టు. మేము చూస్తాండాము."